బాకీ కింద వచ్చిన ఠాణా

దత్తమండలాలు అంటే సైన్యం ఖర్చు కింద జమకట్టుకున్న జిల్లాలు. 1800 అక్టోబర్ 12న హైదరాబాదు నిజాం అలీఖాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలులో కొంత భాగం కంపెనీ చేతికి పోయాయి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఆ లెక్కలో చేరిన ఊళ్లే. అప్పటికి అనంతపురం జిల్లా అన్నది లేదు. 1882లో బళ్ళారి నుంచి విడదీసేదాకా ఈ తాలూకాలన్నీ బళ్ళారి కిందనే ఉండేవి.

ఒప్పందం వెనుక ఉన్నది పరాయి సైనిక సాయం. నిజాం కొలువులో అంతకుముందు ఫ్రెంచి సేనాని రేమండ్ తయారుచేసిన పటాలాలు ఉండేవి. హైదరాబాదులోని మూసారాంబాగుకు పేరిచ్చిన మనిషి ఆయనే. 1798లో ఆయన చనిపోయాడు. ఆ ఏడే సెప్టెంబరులో కంపెనీ నిజాంతో సంధి చేసుకుని, అక్టోబరులో ఆ ఫ్రెంచి పటాలాల చేత ఆయుధాలు దింపించింది. వాటి స్థానంలో తన సైన్యాన్ని పెట్టి, ఏటా 24 లక్షల రూపాయల పైచిలుకు ఖర్చు నిజాం నెత్తిన వేసింది. రెండేళ్లు తిరిగేసరికి సైన్యం ఇంకా పెరిగింది. రొక్కం ఇచ్చే బదులు భూమి ఇచ్చేయడం మేలని తేలింది. 1792లో, 1799లో మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన నేలనే నిజాం తిరిగి కంపెనీకి రాసిచ్చాడు. ఇచ్చిన నేల మీద కాపురమున్న జనాన్ని అడిగినవాళ్లు లేరు. ఆ కాలంలో అడగడమన్నదే లేదు.

కంపెనీ చేతికి వచ్చిన నేల ఖాళీగా లేదు. విజయనగరం పడిపోయాక, పెనుకొండ నుంచి రాజధాని కదిలిపోయాక, ఈ సీమలో కొండకొక కోట, కోటకొక పాళెగాడు మిగిలారు. 1800లో తొలి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో లెక్కలో పాళెగాళ్ళు 80 మంది, వాళ్ల కింద ఆయుధాలు పట్టిన బంట్లు 30 వేల మంది. కంపెనీ కాగితాల్లో వీళ్లు దోపిడీదారులు. ఊళ్లలో మాత్రం వ్యవహారం అంత సూటిగా ఉండేది కాదు. పాళెగాడు పన్ను గుంజేవాడు, పక్క పాళెం మీద పడి పశువుల్ని తోలుకొచ్చేవాడు. ఊరికి కావలి కాసే బాధ్యత కూడా అతనిదే.

కావలి ఏర్పాటు తెలియకపోతే ఆ తర్వాత వచ్చిన పోలీసు సంగతి అర్థం కాదు. ఊరికి తలారి ఉంటాడు, పైన కావలిగాడు ఉంటాడు. పంట ఇంటికి వచ్చినప్పుడు కళ్లంలోనే వాళ్ల వంతు గింజలు కొలుస్తారు. కొందరికి మాన్యం భూమి ఉంటుంది. సైనిక సేవ కూడా చేసే కట్టుబడి బంట్లకు కట్టుబడి మాన్యాలు ఉండేవి. దొంగతనం జరిగితే కావలిగాడు పాదాల జాడ పట్టుకుని బయలుదేరతాడు. జాడ పక్క ఊరి పొలిమేర దాటితే ఆ ఊరి కావలివాళ్లకు చూపించి అప్పగిస్తాడు. అక్కడినుంచి వెతకడం వాళ్ల పని. జాడ ఎక్కడ ఆగిపోతే బాధ్యత అక్కడ ఆగుతుంది. సొత్తు దొరక్కపోతే కావలిగాడే దాని విలువ కట్టాలి. కాగితం మీద ఇంతకన్నా జవాబుదారీ ఉన్న పోలీసు ఆ తర్వాత ఈ నేల మీద పుట్టలేదు.

ఆచరణలో అదే కావలి ముదిరి బెదిరింపుగా మారింది. రుసుము ఇవ్వని ఊళ్లో దొంగతనాలు జరిగేవి. ఇవ్వగానే ఆగిపోయేవి. దొంగకూ కావలిగాడికీ మధ్య పంపకం ఉందన్న ఫిర్యాదు కంపెనీ రికార్డుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కాపలా పేరుతో సొమ్ము గుంజి, ఆ సొమ్ముతో మనుషుల్ని పోషించి, ఆ మనుషుల్ని చూపించి మళ్లీ సొమ్ము గుంజడమే వ్యవస్థీకృత నేరం. దీనికి ఇటలీ మాఫియా ఉదాహరణ అక్కరలేదు.

మన్రో పాళెగాళ్లను లొంగదీసిన పద్ధతి లెక్కల పద్ధతి. బంట్లను పోషించే స్తోమత మిగలకుండా వాళ్లు కట్టాల్సిన కప్పం, పేష్కషు, పెంచాడు. కట్టినవాడు ఆయుధాలు దించాడు. కట్టనివాడి మీదికి జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్ సైన్యం వెళ్లింది. కోటలు కూలాయి, కొందరు చెరసాలకు, కొందరు పింఛన్లకు చేరారు. ఈ దూకుడును లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే 1804లో తప్పుపట్టారు. అప్పటికి పని అయిపోయింది.

డేరాల్లో బతుకుతూ తాలూకాలన్నీ తిరిగిన మన్రో ఏడేళ్లలో శిస్తును దాదాపు ఒకటిన్నర రెట్లకు పెంచాడు. 1807లో వెళ్లిపోయే ముందు ఆయనే, ఈ రేట్లు రైతు భరించలేడు, నాలుగో వంతు తగ్గించండి అని రాశాడు. సైన్యం ఖర్చులున్న కంపెనీ ఒప్పుకోలేదు. తర్వాత ఆయన మద్రాసు గవర్నరయ్యాక గానీ ఆ తగ్గింపు రాలేదు. సీమలో మన్రో పేరు పెట్టుకున్న పిల్లలు ఉండేవారు, ఆయన చుట్టూ కథలు అల్లుకున్నాయి. ఆ మంచి పేరు నిజమే. ఆయన కట్టిన యంత్రంలో ఉన్న లోపమూ నిజమే.

ఆ లోపం పేరు తహసీల్దారు. 1816లో మద్రాసు ప్రభుత్వం చేసిన 11వ రెగ్యులేషన్ మన్రో ఆలోచనల ప్రకారం వచ్చింది. దాని ప్రకారం ఊళ్లో రెడ్డి పోలీసు పెద్ద, తలారి అతని కింద బంటు. తాలూకాలో తహసీల్దారు పోలీసు అధికారి. జిల్లాలో కలెక్టరే మేజిస్ట్రేటు. పాత పద్ధతిని గౌరవించినట్టు కనిపించే ఏర్పాటు అది. ఇందులో శిస్తు వసూలు చేసేవాడూ, దొంగను పట్టేవాడూ ఒకడే అయ్యాడు. రైతు బాకీపడితే అడిగేది తహసీల్దారు బంట్లు. ఆ బంట్లు కొట్టారని ఫిర్యాదు చేయాలన్నా వెళ్లాల్సింది ఆ తహసీల్దారు దగ్గరికే.

1854 జులైలో బ్రిటిష్ పార్లమెంటులో మద్రాసు రాష్ట్రపు శిస్తు వసూళ్ల మీద చర్చ వచ్చింది. చిత్రహింసలు పెట్టి పన్ను రాబడుతున్నారన్న ఆరోపణ అక్కడ గట్టిగా వినిపించింది. దాంతో మద్రాసు ప్రభుత్వం ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అనే ముగ్గురితో విచారణ సంఘం వేసింది. సంఘం ముందుకు 519 మంది స్వయంగా వచ్చారు. 1,440 మంది ఉత్తరాలు రాశారు. రైలు లేని రోజుల్లో వందల మైళ్లు నడిచి వచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఈ రోజు ఒక ఠాణా మీద ఫిర్యాదు ఇవ్వడానికి జిల్లా కేంద్రం దాకా వెళ్లే మనిషి ఆ నడకను ఊహించుకోగలడు.

1855 ఏప్రిల్ నాటి నివేదిక చదవడం కష్టం. కిట్టి అనే పనిముట్టు గురించి అందులో వివరంగా ఉంది. తెలుగులో దాన్ని చీరట అంటారని రాసుకున్నారు. ఒక చివర కట్టిన రెండు కర్రల మధ్య చేతివేళ్లో తొడో పెట్టి, నిమ్మకాయ పిండినట్టు నొక్కడం దాని పని. పంచాంగం లేకుండానే ఎండ ఎక్కడ నిలబడుతుందో తెలిసిన రైతును ఆ ఎండలోనే, తల కాళ్ల దగ్గరికి వంచి, వీపు మీద రాయి పెట్టి గంటల తరబడి నిలబెట్టేవారు. జుట్టును గాడిద తోకకు కట్టి ఊరేగించిన ఉదంతాలున్నాయి. ఇంతా చేసి రాబట్టే బాకీ చాలాసార్లు కొద్ది రూపాయలే. తెల్ల అధికారులకు ఇది తెలియదని సంఘం వాళ్లను కాపాడుతూ రాసింది. ఆ ఒక్క మాట నమ్మదగ్గది కాదు. మామూలుగా ఏటా వసూలు పెరుగుతున్నప్పుడు, ఎలా పెరుగుతోందని అడగకపోవడం కూడా తెలిసి చేసే పనే. కార్ల్ మార్క్స్ 1857లో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్ పత్రికలో ఈ నివేదికను తీసుకుని వ్యాసం రాశాడు.

సైన్యానికి డబ్బు ఎక్కడినుంచి వస్తోందో, ఆ సైన్యం నిలబెట్టిన ప్రభుత్వం జనాన్ని ఏం చేస్తోందో పాలించే దేశపు చట్టసభ అడగడం అప్పట్లో అరుదు. ఇరవయ్యో శతాబ్దంలో అదే ప్రశ్న చట్టమైంది. అమెరికా సెనేటరు ప్యాట్రిక్ లీహీ పేరుతో 1997లో మొదలైన నిబంధన ప్రకారం, ఘోరమైన మానవ హక్కుల ఉల్లంఘనలకు పాల్పడిన విదేశీ దళాలకు అమెరికా సైనిక సాయం అందకూడదు. 2000లో మాదకద్రవ్యాల ముఠాల మీద పోరు పేరుతో కొలంబియాకు పెద్దయెత్తున సాయం మొదలైనప్పుడు ఈ నిబంధన అమల్లోనే ఉంది. అయినా 2002కూ 2008కీ మధ్య 6,402 మంది మామూలు జనాన్ని సైన్యం చంపి, పోరులో చనిపోయిన గెరిల్లాలని లెక్క చూపిందని ఆ దేశపు ప్రత్యేక న్యాయస్థానం 2021లో తేల్చింది. శవాల లెక్కను బట్టి బహుమానాలు, సెలవులు దక్కే చోట శవాలు తయారవుతాయి. శిస్తు లెక్కను బట్టి మెచ్చుకోలు దక్కిన చోట చీరట తయారైంది.

మద్రాసు నివేదిక వల్ల ఒక ఫలితం వచ్చింది. పోలీసును శిస్తు నుంచి విడదీయాలన్న సిఫారసు 1859లో 24వ చట్టమైంది. జిల్లాకు సూపరింటెండెంటు, పైన ఇన్‌స్పెక్టర్ జనరల్, కింద యూనిఫాం, జీతం, కవాతు వచ్చాయి. తహసీల్దారు చేతి నుంచి పోలీసు బంట్లు జారిపోయారు. రెండేళ్ల తర్వాత దేశమంతటికీ వచ్చిన 1861 పోలీసు చట్టం ఇదే దారిలో నడిచింది. నమూనా ఐర్లండు నుంచి వచ్చింది. లండన్ వీధుల్లో ఆయుధం లేకుండా తిరిగే పోలీసును వదిలేసి, తిరగబడే రైతులను అణచడానికి ఐర్లండులో పెట్టిన సాయుధ పోలీసునే ఎంచుకున్నారు. 1857 తిరుగుబాటు తర్వాత వేరేది ఎంచుకుంటారని అనుకోవడమూ కష్టమే. మద్రాసు చట్టం పేరు మార్చుకుని, ఆంధ్ర ప్రాంత జిల్లా పోలీసు చట్టంగా స్వాతంత్ర్యం తర్వాత కూడా కొనసాగింది. తెలంగాణకు నిజాం కాలపు చట్టం వేరుగా ఉండేది. ధర్మవరం ఠాణాకు మాత్రం మూలపురుషుడు 1859 చట్టమే.

కొత్త పోలీసు వచ్చేలోగా పాత కావలి ఏమైందన్నది వేరే కథ. కట్టుబడి మాన్యాలను ప్రభుత్వం ఒక్కొక్కటిగా లాక్కుంటూ వచ్చింది. ఆయుధం తప్ప మరో పని తెలియని మనుషులకు అన్నం పెట్టే భూమి పోయింది. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినవాళ్లలో కట్టుబడి బంట్లు ఉన్నారు. పాళెగాళ్ల వంశమైన తన కుటుంబపు పింఛను వాటా దక్కకపోవడం ఆయన మంట. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. తలను ఏళ్ల తరబడి కోటగుమ్మానికి వేలాడదీశారు. ఒక వ్యవస్థను రద్దుచేసి, అందులో బతికిన మనుషులకు దారి చూపకపోతే ఏమవుతుందో సీమ ఆనాడే చూసింది.

సీమ ఫ్యాక్షన్‌కు పాళెగాళ్లే మూలమనడం తేలికైన మాట. రెండు వందల ఏళ్ల నాటి కోటకు, సుమోలో పెట్టిన నాటుబాంబుకు మధ్య సూటి దారి లేదు. మధ్యలో ఊరి మునసబు పదవి ఉంది. 1816 రెగ్యులేషన్ రెడ్డికి ఇచ్చిన పోలీసు అధికారం వంశపారంపర్యంగా వచ్చేది. ఊళ్లో తగాదా వస్తే పైకి పోయే రిపోర్టు ఎలా రాయాలో అతని ఇష్టం. ఆ పదవి ఏ ఇంట్లో ఉంటే ఆ ఇల్లు ఒక పార్టీ, దక్కని ఇల్లు రెండో పార్టీ. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేసింది. అప్పటికి కక్షలకు ఆ పదవి అవసరం తీరిపోయింది. కాంట్రాక్టులు, సారా వేలంపాటలు, ఎన్నికలు చేతికి వచ్చాయి.

పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల కక్షలు రాష్ట్రమంతటికీ తెలిసింది పరిటాల కుటుంబం కథతో. వామపక్ష రాజకీయాల్లో ఉన్న పరిటాల శ్రీరాములు 1975లో హత్యకు గురయ్యారు. ఆయన కొడుకు రవి 1994లో పెనుకొండ నుంచి శాసనసభకు గెలిచి మంత్రి అయ్యారు. 1997 నవంబర్ 19న హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో రవిని గురిపెట్టిన కారుబాంబు పేలింది. 26 మంది చనిపోయారు. సినిమా షూటింగ్ ప్రారంభానికి వచ్చిన టీవీ సిబ్బందికి ఏ కక్షతోనూ సంబంధం లేదు. ఆ కేసులో రవి ప్రత్యర్థి మద్దెలచెరువు సూరికి శిక్ష పడింది. 2005 జనవరి 24న అనంతపురంలో తెలుగుదేశం పార్టీ కార్యాలయంలోనే రవిని కాల్చి చంపారు. దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. ఆ కేసులో ముఖ్య నిందితుడైన మొద్దు శీను 2008 నవంబరులో అనంతపురం జైల్లో హత్యకు గురయ్యాడు. సూరిని 2011 జనవరి 3న హైదరాబాదులో కారులోనే కాల్చారు. పార్టీ ఆఫీసు, జైలు, రాజధాని రోడ్డు. రాజ్యం కాపలా ఉండాల్సిన చోట్లే ఈ హత్యలన్నీ జరిగాయి.

ఇలాంటి చోట పోలీసు పని విచిత్రంగా ఉంటుంది. ఒకే ఠాణాలో ఒక నాయకుడి మీద ఫ్యాక్షన్ షీటు తెరిచి ఉంటుంది. అదే నాయకుడి వెంట ప్రభుత్వం జీతమిచ్చే గన్‌మన్ ఉంటాడు. ఎదుటి పార్టీ వాడికీ గన్‌మన్ ఉంటాడు. ఎస్సై బదిలీ ఎవరు చెబితే జరుగుతుందో ఠాణా ముందు టీ అంగడివాడికి కూడా తెలిసే ఊళ్లున్నాయి. కావలిగాడు పాళెగాడికి జవాబు చెప్పేవాడు. ఇప్పటి కావలి ఎవరికి జవాబు చెప్పాలన్నదే పోలీసు సంస్కరణల అసలు ప్రశ్న.

హక్కుల వైపు నుంచి ఈ ప్రశ్నను ఎక్కువకాలం పట్టుకున్న మనిషి కె. బాలగోపాల్. 1952లో బళ్ళారిలో పుట్టారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించారు. 1974లో ఏర్పడిన పౌరహక్కుల సంఘానికి 1983 నుంచి చాలాకాలం ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. ఎన్‌కౌంటర్ల మీద నిజనిర్ధారణలు చేశారు. రాజ్యం చేసే హింసను ఎంతగా ప్రశ్నించారో, ఊరి పెత్తందారు చేసే హింసనూ అంతగా ప్రశ్నించాలన్నది ఆయన తర్వాత చేరుకున్న అభిప్రాయం. 1998లో మానవ హక్కుల వేదిక అలా పుట్టింది. సీమ ఫ్యాక్షన్ మీద ఆయన రాసింది అందుకే పోలీసులకూ నచ్చలేదు, నాయకులకూ నచ్చలేదు. 2009 అక్టోబర్ 8న ఆయన చనిపోయారు. ఆ ఏడు ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే హత్య కేసు నమోదు చేసి తీరాలని, ఆత్మరక్షణ అన్నది విచారణలో తేలాలని తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. 2014 సెప్టెంబర్ 23న మరో కేసులో అదే కోర్టు ఎన్‌కౌంటర్ మరణాల విచారణకు 16 మార్గదర్శకాలు పెట్టింది.

కస్టడీ హింస మీద 1996 నాటి డి.కె. బసు తీర్పు ఉంది. అరెస్టు కాగితం రాయాలి, ఇంటివాళ్లకు చెప్పాలి, 48 గంటలకోసారి డాక్టరు చూడాలి. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలో లాకప్పుతో సహా సీసీ కెమెరాలు పెట్టి, రికార్డు 18 నెలలు దాచాలంది. చిత్రహింసల వ్యతిరేక అంతర్జాతీయ ఒడంబడిక మీద భారతదేశం 1997లోనే సంతకం చేసింది. ఆమోదముద్ర మాత్రం వేయలేదు.

పోలీసు వ్యవస్థను మార్చాలన్న ప్రయత్నాల్లో పెద్దది ధర్మవీర అధ్యక్షుడిగా 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమిషన్. ఎనిమిది నివేదికలిచ్చి 1981లో ముగించింది. అవి అటకెక్కాయి. మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ 1996లో సుప్రీంకోర్టుకు వెళ్తే, పదేళ్లకు, 2006 సెప్టెంబర్ 22న, ఏడు ఆదేశాలు వచ్చాయి. సీమ ఠాణాకు వాటిలో మూడు ముఖ్యం. స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్లు బదిలీ ఉండకూడదు. జిల్లాకో ఫిర్యాదుల మండలి ఉండాలి. నేర దర్యాప్తు చేసేవాళ్లను శాంతిభద్రతలు చూసేవాళ్ల నుంచి విడదీయాలి. మూడోది వినడానికి పరిపాలన సంగతిలా ఉంటుంది. చిన్న ఠాణాలో ఒక ఎస్సై పొద్దున జాతర బందోబస్తు చూసి, మధ్యాహ్నం మంత్రి పర్యటనకు వెళ్లి, సాయంత్రం వచ్చి హత్య కేసులో పంచనామా రాస్తే ఆ కేసు కోర్టులో ఎంత నిలుస్తుందో వకీళ్లకు బాగా తెలుసు. ఫ్యాక్షన్ కేసుల్లో సాక్షులు ఎదురుతిరగడానికి భయం ఒక కారణమైతే, తొందరలో రాసిన ఇటువంటి కాగితం రెండో కారణం.

1859లో శిస్తునూ పోలీసునూ విడదీసినా, 1974 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ న్యాయ విచారణను జడ్జిలకు అప్పగించినా, ఒక ముక్క పాత చోటనే మిగిలింది. అది బైండోవర్. ఎన్నికలు దగ్గరపడితే, జాతర వస్తే, పాత కక్షలున్న ఊళ్ల మనుషులను ఠాణావాళ్లు జాబితా ప్రకారం పిలుస్తారు. వాళ్లంతా తెల్లచొక్కాలు వేసుకుని, ఆధార్ జిరాక్సులు చేతబట్టుకుని మండల కార్యాలయం వరండాలో వరసగా కూర్చుంటారు. రెండు పార్టీల వాళ్లూ ఒకే వరండాలో, కాస్త ఎడంగా. గొడవ చేయబోమని ఇంత సొమ్ముకు పూచీకత్తు మీద సంతకం పెడతారు. పాత కోడ్‌లో 107, 110 సెక్షన్ల కింద జరిగే ఈ పని 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 126, 129 సెక్షన్ల కిందికి మారింది. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో ఆ కాగితం మీద సంతకం పెట్టేది ఇప్పటికీ తహసీల్దారే.